రెండో పెట్టెలో ముల్లు

నీళ్ల ప్లాంట్ ఇంజనీరుని తెల్లవారుజామున ఎవరో కాల్చి చంపారు. పదింటికల్లా బాస్ నత్తని పిలిపించాడు. కొంప మునుగుతున్నా తొందరపడడని ఆ ఏజెంటుకి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది.

"విదేశీ ముఠా పని. రెండు ట్యాంకుల్లో ఒకదాంట్లో విషం కలిపారు. ఏ ట్యాంకో తెలీదు. టెస్ట్ రిపోర్టుకి ఆరు గంటలు. ఆస్పత్రిలో నీళ్లు పదకొండుకి అయిపోతాయి."

నత్త వాచీ చూసుకున్నాడు. ఆ ఆస్పత్రిలో డయాలిసిస్ మీద ఉన్నది అతని అక్క. అమ్మ పోయాక ముద్దలు కలిపిపెట్టి పెంచిన అక్క!

"దారేదీ లేదా సార్?"

"ఇంజనీరు ట్యాంకుకొక ఫ్యూయల్ సెల్ పెట్టె బిగించాడు. లోపల సూక్ష్మజీవులుంటాయి. తిండి తిని కరెంటు పుట్టిస్తాయి. ఆయనకి కావలసింది కరెంటు కాదు, కాపలా. విషం తగిలితే అవి పడకేస్తాయి, మీటరు ముల్లు పడిపోతుంది. అక్కడి కెమిస్ట్ మన మనిషే. కోడ్, 'గొడుగు తెచ్చారా?'"

మీటర్ రీడర్ వేషంలో పరుగెత్తాడు. పెట్టెల దగ్గర ఒకావిడ ఉంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, బురదవాసనని మింగేసే సెంటు. "గొడుగు తెచ్చారా?" అన్నాడు. "తెస్తే వాన రాదుగా," అంది కెమిస్ట్.

రెండు ముళ్లూ సున్నా మీదే ఉన్నాయి.

"రోజూ ఆరింటికి ఇంజనీరే వీటికి మేత వేసేవాడు. ఇవాళ వేసేవాడేడీ? ఆకలికి సొమ్మసిల్లాయి," అంటూ సిరంజితో రెండు పెట్టెల్లోనూ మేత ఎక్కించింది. టైం పది ముప్ఫై ఆరు.

మొదటి పెట్టెలో ముల్లు చటుక్కున లేచింది. రెండోది ఉలకలేదు, పలకలేదు.

"ఒకటో ట్యాంకు మంచిదే. వాల్వు తిప్పండి!"

అతని చెయ్యి వాల్వు మీద ఆగింది. నాలుగు చెంచాల గంజి తాగాక అక్క లేచి కూర్చోడానికే అరగంట పడుతుంది. తిన్న మరుక్షణం ఇవెలా లేచాయి?

మొదటి పెట్టె వెనక్కి తిప్పాడు. తీగల మధ్య గుండీ అంత బ్యాటరీ, మేత ఎక్కిస్తూ ఆమె దూర్చిందే. పీకేశాడు. ముల్లు చచ్చినట్టు పడిపోయింది. కెమిస్ట్ లిప్‌స్టిక్‌లా కనిపించే పిస్టల్ తీసింది. నత్త మీటరు సంచీతో చెయ్యి మీద ఒక్కటిచ్చి, ఆమెని పైపుకి బేడీలేసి కట్టేశాడు.

"రెండోదీ చచ్చిందేమో చూసుకో," అని ఆమె నవ్వింది.

నిజమే. రెండిట్లోనూ కలిపి ఉంటే? పది యాభై రెండు. చేతివాచీలోంచి బాస్ అరుస్తున్నాడు. "నత్తా, ఏదో ఒకటి తిప్పవయ్యా!" పది యాభై ఆరు. "లేవండమ్మా, మీకు దణ్ణం పెడతా," అని నత్త పెట్టె ముందు ఏడ్చేశాడు.

పది యాభై ఎనిమిది. ముల్లు వణికింది. ఒక గీత. ఇంకో గీత. మెల్లగా, కడుపునిండిన ప్రాణిలా పైకి లేచింది.

రెండో వాల్వు తిప్పేశాడు.

సాయంత్రం అక్క గంజి తాగుతుంటే బాస్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏం కావాలో కోరుకో."

"ఆ పెట్టెలకి రేపు ఆరింటికి టిఫిన్ పెట్టే మనిషి కావాలి సార్. మన డిపార్ట్‌మెంటులో అబద్ధం చెప్పని ఏజెంట్లు అవొక్కటే."