ఇంజన్ గదిలోంచి ఫోను

హైదరాబాద్ ఆబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక ఒక పాత మూడంతస్తుల బిల్డింగు ఉంది. పొద్దుగూకితే పై అంతస్తుకి ఎవరూ పోరు. మనిషి లేనిచోట మాటలు వినిపిస్తాయని దానికి పేరు. సముద్రం మీద ఓడల్లో ప్రాణం మీదికొచ్చినవాళ్లకి ఫోన్లో వైద్యం చెప్పే కంపెనీ ఒకటి, అవేవీ పట్టించుకోకుండా ఆ పై అంతస్తులోనే ఆఫీసు పెట్టింది.

రాత్రి డ్యూటీ డాక్టర్ ఆగ్నెస్‌ది.

"అమ్మా, పైన ఒక్కరే ఉండకున్రి. జర కిందికొచ్చి కూసోన్రి," అన్నాడు వాచ్‌మన్ వెంకటేశం.

ఆమె నవ్వేసి మెట్లెక్కింది.

ఆ రాత్రి కుండపోత వాన. ఫోను మోగింది...

"డాక్టరమ్మా, నేను మహీధర్‌ని. ఓడల సెకండ్ ఆఫీసర్‌ని. మందులపెట్టె చూసుకునే జిమ్మ నాదే. ఇంజన్ గది పేలింది. తలుపు బిగుసుకపోయింది. లోపల నేను, ఇంజన్ పని చూసే రవికిరణ్... వాని కాలు మోకాలి కింద తెగి ఏలాడుతున్నది."

వెనక నుంచి ఒక అరుపు. మనిషి గొంతులా లేదు.

"రక్తం చిమ్ముతున్నదా?"

"ఔ. గోడ దాకా."

"బెల్టు తీసి తొడకి చుట్టు. అందులో స్పానర్ దూర్చి మెలితిప్పు. తన్నినా, కొరికినా ఆపకు!"

ధన్ — ఇనుముకి ఎముక కొట్టుకున్న చప్పుడు. మళ్లీ ధన్... "నన్ను చంపెయ్యిరా!" అని రవికిరణ్ కేక. మెలి బిగిసేకొద్దీ ఆ కేక చీలిపోయింది. ఆగ్నెస్ చేతిలో పెన్ను పటుక్కున విరిగింది.

"ఇంకా తిప్పు... ఇంకా!"

తర్వాత ఏ చప్పుడూ లేదు.

"రక్తం ఆగింది డాక్టరమ్మా."

ఆమెకి ఊపిరి ఆడింది. "నీకేమన్నా దెబ్బలు తగిలినయా?"

"తగిలినయి. ఇప్పుడేం నొప్పి లేదు." మెల్లగా — "మాది నాంపల్లే అమ్మా, మీ పక్కనే. గీడ వాన మంచిగ పడుతున్నది..."

ఇంజన్ గదిలో వానేంది అని అడిగేలోపే లైను తెగిపోయింది.

తెల్లారాక ఓడ కెప్టెన్ ఫోన్ చేశాడు. విశాఖ మనిషి.

"తలుపు కోసి లోపలికెళ్లామండి. రవికిరణ్ బతికాడు. కాలికి అంత గట్టి కట్టు ఎవరు కట్టారో అర్థం కావట్లేదు."

"మహీధర్ కదా!"

 కెప్టెన్ గొంతు తగ్గించాడు.

"మహీధర్ పేలుడులోనే పోయాడండి. ఇనుపరేకు తల్లోకి దిగిపోయింది."

 "అయితే... రవికిరణే కట్టుకున్నాడేమో..."

"ఎలా కట్టుకుంటాడు డాక్టర్? రెండు చేతులూ విరిగిపోయి ఉన్నాయి."