అత్తగారి పాస్‌వర్డ్

ఉదయం షట్టర్ ఎత్తేసరికే ల్యాబ్ ముందు పదిమంది నిలబడి ఉన్నారు. రక్తం ఇవ్వడానికి కాదు, తిట్టిపోయడానికి. రిపోర్టులు చూసుకోవడానికి వాళ్లు పెట్టుకున్న పాస్‌వర్డులన్నీ ఎవరో దొంగిలించి, ఊళ్లో అందరి ఫోన్లకీ పంపేశారు.

ఆ ల్యాబ్ అత్తగారింటి కిందే. సాఫ్ట్‌వేర్ రాసింది కొడుకు, కౌంటర్లో కూర్చునేది అత్తగారు, మిగతా చాకిరీ అంతా కోడలిది. కాపురానికొచ్చిన కొత్తలోనే ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"పాస్‌వర్డుల్ని ఉన్నవి ఉన్నట్టు దాచకూడదండీ, హ్యాష్ చేయాలి. గోధుమలు మర పట్టించినట్టన్నమాట. ఎవరైనా పాస్‌వర్డ్ కొడితే దాన్నీ మర పట్టించి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తే చాలు. దొంగ పడినా పిండే దొరుకుతుంది, గింజలు దొరకవు."

"మర్చిపోయి వచ్చినవాళ్లకి పిండి చూపిస్తావా?" అంది అత్తగారు. భర్త పకపకా నవ్వాడు. జాబితా చూసి అందరికీ చదివి చెప్పే పని తనే పెట్టుకున్నాడు. అదో గొప్ప ఆయనకి.

నాలుగేళ్లయింది. పిల్లల్లేరు. పరీక్షలన్నీ కోడలికే చేశారు, ఏ లోపమూ లేదని తేలింది. ఆయన మాత్రం ఒక్క పరీక్షకీ ఒప్పుకోలేదు.

"తాళాలన్నీ దీని దగ్గరే కదరా! ఇదే బయటపెట్టింది. సాయంత్రానికల్లా పుట్టింటికి పంపెయ్!" జనం ముందే అరిచింది అత్తగారు. భర్త తల వంచుకుని కీబోర్డు తుడుస్తున్నాడు.

జనంలో ఎవరో ఫోన్ చూసి కిసుక్కున నవ్వారు. అత్తగారికి ఒళ్లు మండిపోయింది.

"ఏంటా నవ్వు? నా కౌంటర్ పాస్‌వర్డూ పోయిందా? చదవవే, నాకేం భయం?"

"వద్దత్తయ్యా," అంది కోడలు. అప్పటికే చూసింది.

"చదువుతావా లేదా?"

చదివింది. "గొడ్రాలుపోవాలి4."

అత్తగారికి పాస్‌వర్డ్ పెట్టుకోవడం నేర్పింది కోడలే. ఎప్పుడూ మనసులో ఉండే మాట పెట్టుకోండి అత్తయ్యా, మర్చిపోరు, అంది. చివర ఒక అంకె ఉంచి, ఆ అంకెని ఏడాదికోసారి మార్చమంది. అత్తగారు అక్షరం తప్పకుండా పాటించింది.

"నన్నొక్కదాన్నే అలా చూస్తావేం?" అంది అత్తగారు. "వాడికి తెలీదా? అంకె మర్చిపోయినప్పుడల్లా చదివి చెప్పింది వాడేగా!"

కోడలు భర్త వైపు తిరిగింది.

"అమ్మ కదా... పెద్దావిడ..." అని నసిగాడు.

ఆమె ఏడవలేదు. మధ్యాహ్నానికల్లా పాస్‌వర్డులన్నీ చెరిపేసింది, కొత్తగా పెట్టుకునేవన్నీ హ్యాష్ అయ్యేలా చేసింది, మేడెక్కి బట్టలు సర్దుకుంది. భర్త అడ్డు రాలేదు. కిందికి దిగేసరికి మెట్ల దగ్గర అత్తగారు కళ్లు వాచిపోయి నిలబడి ఉంది.

"పాపిష్టిదాన్నే అమ్మా. మార్చేశాను. ఏం పెట్టానో ఒక్కసారి చూడవే."

"కనపడదత్తయ్యా. ఇంకెవరికీ కనపడదు."

"పోనీ నేనే చెప్తాను, విను!"

"వద్దు. చెప్పినా నమ్మలేను."

కోడలు వెళ్లిపోవాలని నాలుగేళ్లపాటు రోజూ కీబోర్డు మీద కొట్టిన అత్తగారి వేళ్లే ఇప్పుడు సంచిని పట్టుకుని వదలడం లేదు. కోడలు వాటిని ఒక్కొక్కటిగా విడదీసి వీధిలోకి నడిచింది.