పడవలో అనకూడని మాట

ఆదివారం పొద్దున్నే సవీన్ వంటింట్లో కూర్చుని కుందేలు మాంసంలోంచి ఎముకలు తీస్తోంది. మామూలుగా ఆ పని ఎవరూ చెయ్యరు. ఎముకతో సహా ముక్కలు కుండలో పడాల్సిందే, రుచంతా అందులోనే ఉంటుంది. కానీ ఎముక కనబడితే ఇది కోడి కాదని ఎవరైనా పట్టేస్తారు. అందుకే ఒక్కొక్కటీ కసిగా లాగి పక్కన పడేస్తోంది. ఆవపిండి ముద్ద, తెల్ల ద్రాక్షసారా, గుప్పెడు ఆలివ్ కాయలు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. మూతి బిగించి, కనుబొమలు ముడేసి ఆమె ఆ మాంసంతో యుద్ధం చేస్తున్నట్టు ఉంది.

ఆమె భర్త రెజీస్ ద్రాక్షతోట నుంచి వచ్చి, మట్టి బూట్లు గుమ్మంలో వదిలి, కాఫీ పోసుకున్నాడు.

"మీ నాన్న పుట్టినరోజుకా? కోడేనా?"

"ఆయనకి కోడి. నీకు మాత్రం చెప్తున్నా, కుందేలు."

రెజీస్ కాఫీ తాగబోతూ ఆగిపోయాడు. "పిచ్చి పట్టిందా నీకు? దాన్ని పడవెక్కిస్తావా?"

"ఎక్కిస్తా. మా నాన్న నోట్లో కూడా పెడతా. లొట్టలేసుకుంటూ తిన్నాక అప్పుడు చెప్తా. రేవు జనమంతా వింటుండగా."

"ఎనభై ఏళ్ల మనిషి సవీన్..."

"ఎనభై ఏళ్లొచ్చినా బుద్ధి రాలేదు కదా!" అంది సవీన్, కత్తిని బల్ల మీద టక్కున పెడుతూ. రెజీస్ మళ్లీ కాఫీ అందుకున్నాడు. ఆ ఇంటి సంగతులు అతనికి కొత్తేమీ కాదు.

కస్సీ రేవులో పడవవాళ్లకి కుందేలు మాట పడవలో పనికిరాదు. పాతకాలం ఓడల్లో అవి తాళ్లు కొరికేసి మనుషుల్ని ముంచాయట. తప్పనిసరై చెప్పాల్సి వస్తే 'చెవులది' అంటారు. ఒడ్డున ఎంతైనా వండుకు తింటారు గానీ పడవ చెక్క మీద కాలు పెట్టాక ఆ పేరు ఎత్తరు. సవీన్ తొమ్మిదేళ్ల వయసులో ఎత్తింది. బళ్లో టీచరమ్మ తెల్ల కుందేలుని తెచ్చిందన్న సంబరంలో, నాన్న పడవలో నిలబడి గొంతెత్తి చెప్పింది. మర్నాడు పొద్దున వల తీయడానికి వెళ్లిన తూసాన్ బాబాయి రాళ్లకి కొట్టుకుని చనిపోయాడు.

ఆమెని ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అదే పాడు సంగతి. ఆయన భార్య క్లారిస్ పిన్ని అప్పటినుంచి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టడం మానేసింది. ఆమె పడవ ఎక్కగానే తక్కిన పడవలవాళ్లు కీడు తగలకుండా చెక్కని ఒకసారి వేలితో తాకేవాళ్లు. తండ్రి బప్తిస్తాన్ మాత్రం ఏమీ అనలేదు, ఔననీ కాదనీ. పెద్దయ్యాక సవీన్ ఆయన దగ్గరే పనికి చేరింది. ఎండలో వానలో ఆయన తాళ్లు లాగింది, యాత్రికుల్ని ఎక్కించింది, దించింది, చదివి పరీక్ష రాసి పడవ నడిపే అర్హత సంపాదించింది. తన పని చూసైనా ఆ పాత మాట మర్చిపోతారని ఆశ.

కిందటేడు వసంతంలో బప్తిస్తాన్ చుక్కాని వదిలేశాడు. రేవులో అందరి ముందూ, "పడవ ఇక సొవేర్‌ది," అన్నాడు. సొవేర్ ఆమె తమ్ముడు. అప్పటిదాకా పక్క ఊరు ఒబాన్యాలో పరుపుల దుకాణంలో కూర్చుని పరుపులు అమ్ముకునేవాడు. "ఎందుకు నాన్నా?" అని సవీన్ అడిగితే ఆయన తలెత్తకుండా, "నీకు తెలుసు," అన్నాడు. ఆ రెండు మాటలు ఆమె కడుపులో నిప్పులా కూర్చున్నాయి. ఇవాళ ఆ కసి తీర్చుకోవాలి.

*

పదకొండింటికి పడవ నిండిపోయింది. పుట్టినరోజని రేవులో తక్కిన పడవలవాళ్లు యాత్రికుల్ని తిప్పే తమ వంతుల్లో ఒకటి వదులుకుని వచ్చి కూర్చున్నారు. క్లారిస్ పిన్ని నల్ల గుడ్డల్లో, తలకి టోపీతో మొదటి వరసలో కూర్చుంది. సవీన్ కుండ చంకలో పెట్టుకుని ఆమె పక్కనుంచే వెళ్లింది. పిన్ని మొహం సముద్రంవైపు తిప్పుకుంది.

సొవేర్ మైకు పట్టుకున్నాడు. "ఇది... అంటే ఇప్పుడు మనం మొదటి కోవలోకి... ఈ తెల్ల రాయి సున్నపురాయి..." చిన్నపిల్లాడు పాఠం అప్పచెప్తున్నట్టు ఉంది. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు. సవీన్ పళ్లు కొరుక్కుంది. కోవలోకి, కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఆ ఇరుకు సముద్రపు పాయలోకి, వెళ్లేటప్పుడు వేగం తగ్గించాలి, వాడు తగ్గించలేదు. అల ఒడ్డున కట్టిన చిన్న పడవల్ని గుద్దింది.

"ఏరా, పరుపులు బండిలో వేసుకుపోతున్నాననుకున్నావా?" అని అరిచాడు ఒకడు. మళ్లీ నవ్వులు.

తెల్లటి కొండలు రెండు పక్కలా దగ్గరకొచ్చాయి. పగుళ్లలోంచి పైన్ చెట్లు వంగి నీళ్లలోకి చూస్తున్నాయి. చివరి కోవలో, నీళ్లు పచ్చగా అడుగుదాకా కనబడే చోట, సొవేర్ తాడు కట్టి పడవ ఆపాడు. రొట్టెలు, చేపలు, సారా సీసాలు బయటికొచ్చాయి. సవీన్ కుండ మూత తీసింది. ఘుమఘుమలు కమ్ముకున్నాయి.

"కోడా?" అన్నాడు బప్తిస్తాన్, మెడలోకి గుడ్డ దోపుకుంటూ.

"నీకోసమే వండాను నాన్నా."

ఆయన తిన్నాడు. మెల్లగా నమిలాడు. సవీన్ ఆయన దవడల వైపే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్లలో ఆమె అంత శ్రద్ధగా ఎవరినీ చూడలేదు. ఆయన రొట్టెముక్కతో పళ్లెం తుడిచి, ఆ ముక్క కూడా నోట్లో వేసుకున్నాడు.

"ఇంకొంచెం వెయ్యనా?"

"వెయ్యి."

"చెవులదంటే అంత భయపడే మనిషివి, కుందేలు ఇంత ఇష్టంగా తింటావని తెలీదు నాన్నా!" అంది సవీన్. గొంతు ఎంత పెంచాలో ముందే అనుకుంది. కొండకి తగిలి ఆ మాట తిరిగొచ్చింది.

 ఒకడి చేతిలోంచి గ్లాసు జారింది. ఇంకొకడు గబగబా చెక్కని తడిమాడు. సొవేర్ మొహం పాలిపోయింది.

"అక్కా! ఏం చేశావే!"

క్లారిస్ పిన్ని లేచి నిలబడింది. "మళ్లీ ఆ నోటితోనే! మా ఆయన్ని మింగావు, ఇంకా ఆకలి తీరలేదా నీకు?"

"హమ్మయ్య, అన్నావు పిన్నీ!" సవీన్ కూడా లేచింది. "ఇన్నేళ్లూ మూతి తిప్పుకుని తిరిగావే గానీ ఈ మాట మొహాన అనలేదు. నా పెళ్లికి రాలేదు. నా పురుటికి రాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల, బళ్లో కుందేలుందని అంది, అంతే! దానికి మనిషి చస్తాడా? చస్తే ఇవాళ చావాలిగా, కూర్చున్న మనమందరం? నాన్న కడుపులోనే ఉందిగా ఇప్పుడది! ఏది, మునగమనండి!"

తండ్రివైపు తిరిగింది. చేతులు చాచి చూపించింది.

"నీ తాళ్లు లాగి నా చేతులు ఇలా అయ్యాయి. చుక్కాని మాత్రం పరుపులవాడికిచ్చావు. ఎందుకంటే 'నీకు తెలుసు' అన్నావు. ఔను, తెలుసు. అందుకే నీ నోట్లో పెట్టాను. ఇక నువ్వు కూడా నాలాంటి పాపిష్ఠివాడివే!"

ఆమె ఊహించుకున్నది ఒకటి. ఆయన కోపంతో ఊగిపోవాలి, పళ్లెం విసిరికొట్టాలి, ఆమె నవ్వాలి. బప్తిస్తాన్ ఫోర్కు కింద పెట్టి, మెడలోని గుడ్డ తీసి, మడతపెట్టాడు.

"మొదటి ముక్కకే తెలిసింది," అన్నాడు.

"మరెందుకు తిన్నావు?"

 ఆయన, తగువు తీర్చే పెద్దమనిషిలా కాదు, బడిలో నిలబెట్టిన పిల్లాడిలా క్లారిస్‌ వైపు చూశాడు.

"క్లారిస్, ఆ రోజు వల ఎవరు వేశారు?"

"అదేం ప్రశ్న? ఇద్దరం కలిసి వేశామన్నావుగా."

"నేనొక్కణ్ణే వేశాను."

పడవలవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ తీరంలో వల వేసినవాడే వల తీస్తాడు. రాళ్లు ఎక్కడున్నాయో, తాడు ఎటు పాకిందో వేసినవాడికే తెలుస్తుంది. ఇంకొకణ్ణి పంపరు. అది చెప్పి నేర్పే సంగతి కూడా కాదు.

"చేప ఎక్కువ పడుతుందని మలుపు దగ్గర రాళ్లకి ఆనించి వేశాను. ఎవరూ వెయ్యని చోట. ఆ సాయంత్రం పేకాటకి కూర్చుని తప్పతాగాను. పొద్దున లేవలేక కడుపునొప్పి అన్నాను. తూసాన్ నేను వెళ్తాలే అన్నాడు. వల ఎక్కడుందని అడిగాడు. గోడవైపు తిరిగి పడుకుని, 'మలుపు దగ్గరే, చూసుకో' అన్నాను. పడవల్ని రాళ్లమీదికి నెట్టే తూర్పుగాలి లేచిందని నాకు వినబడుతూనే ఉంది." మడతపెట్టిన గుడ్డని మళ్లీ విప్పాడు. "వాణ్ణి రేవులోకి తెచ్చారు. అందరూ ఎలా జరిగింది, ఎలా జరిగింది అంటున్నారు. నా నోట మాట రాలేదు. అప్పుడెవరో, నిన్న పిల్ల పడవలో ఆ మాట అందటగా, అన్నారు. నేను కాదనలేదు. అంతే నేను చేసింది. కాదనలేదు."

"చుక్కాని?" అంది సవీన్. 

"నువ్వు నడిపితే ఏళ్లు గడుస్తాయి, పడవకేమీ కాదు. నీ నోటి దోషం అబద్ధమని జనానికి తెలుస్తుంది. మరి తప్పెవరిదని అడుగుతారు. అందుకు వాడికిచ్చాను."

 క్లారిస్ పిన్ని ఆయన ఎదుటికి వెళ్లి నిలబడింది. "ఎనభై ఏళ్లొచ్చాయని చెయ్యెత్తలేకపోతున్నాను బావా," అంది. "మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నా చేత ఒక పసిపిల్లని ఇన్నేళ్లు అసహ్యించుకునేలా చేశావు. నాకది ఎలా తిరిగిస్తావు?"  ఆమె అలాగే నిలబడి నిలబడి, చివరికి సవీన్ పక్కన కూర్చుండిపోయింది. చెయ్యి పట్టుకోలేదు. పక్కన కూర్చుంది.

సవీన్‌కి గెలిచినట్టు అనిపించలేదు. తండ్రిని నలుగురిలో తలదించుకునేలా చెయ్యాలనుకుంది, చేసింది. కానీ ఆయన తలదించుకుని కూర్చుంటే చూడబుద్ధి కాలేదు. అలాగని జాలీ రాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతీ పడక మీద కూర్చుని, దేవుడా నేనే చంపానా అని ఏడ్చిన రోజులు గుర్తొచ్చాయి. గోడకి అవతల పడుకుని ఈయన ఆ ఏడుపు విన్నాడు కదా అనుకుంటే ఒళ్లు మండింది.

కోవ ముఖద్వారంలో నీళ్లు ఉబ్బడం మొదలుపెట్టాయి. తూర్పుగాలి. కట్టిన తాడు కిర్రుమంది.

"అక్కా, అల వస్తోంది," అన్నాడు సొవేర్. "ఇంత ఇరుకులో వెనక్కి తీయడం నా వల్ల కాదు."

"నీ పడవ. నువ్వే నడుపుకో."

"నాకిమ్మని నేనడిగానా? పొద్దున లేస్తే కడుపులో దేవుతుందే నాకు! హాయిగా పరుపులమ్ముకునేవాణ్ణి. నువ్వూ ఆయనా కొట్టుకుంటుంటే నేను వాంతి చేసుకుంటూ తిరుగుతున్నాను!"

ఎవరో ఆపుకోలేక ఫక్కున నవ్వారు. సవీన్ తమ్ముణ్ణి భుజంతో పక్కకి నెట్టి చుక్కాని అందుకుంది. "తాడు విప్పు. నెమ్మదిగా. మొదట వెనకవైపు తాడు!"

రెండు తెల్ల గోడల మధ్యనుంచి ఆమె పడవని వెనక్కి లాగి, అల లేచినప్పుడు ఆగి, దిగినప్పుడు తిప్పి, బయటికి తెచ్చింది. చెక్కని ఎవరూ తాకలేదు. తూసాన్ పోయిన మలుపు దగ్గరకొచ్చేసరికి తండ్రి లేచి, బల్లలు పట్టుకుంటూ ఆమె దగ్గరకొచ్చాడు.

"ఇక్కడ ఆపు."

"నీ హుకుములు అయిపోయాయి నాన్నా."

"హుకుం కాదమ్మా. అడుగుతున్నాను."

ఆమె ఇంజను తగ్గించి, పడవ మూతి గాలికి ఎదురు పెట్టి నిలిపింది. బప్తిస్తాన్ మైకు తీసుకున్నాడు. కాస్త దూరంలో వేరే పడవ ఒకటి యాత్రికులతో వెళ్తోంది. ఆయన గొంతు రెండు పడవల మీదుగా కొండని తాకింది.

"తూసాన్! నేనురా, మీ అన్నని. వల నాదిరా. రాళ్ల సంగతి చెప్పకుండా నిన్ను పంపింది నేను. పిల్లది తప్పేమీ లేదు. ఇంతకాలం నీకు కూడా అబద్ధమే చెప్పాను. పిల్ల ఏమీ చెయ్యలేదురా!"

అవతలి పడవలో జనం ఇదేదో వివరణ అనుకుని కొండని ఫోటోలు తీసుకున్నారు. ఇక్కడ మాత్రం పడవలవాళ్లంతా టోపీలు తీసి నిలబడ్డారు. క్లారిస్ పిన్ని వెక్కివెక్కి ఏడుస్తూ లేచొచ్చి, సవీన్ తలని రెండు చేతులా వంచి, ఇన్నేళ్లుగా పెట్టని ముద్దు బుగ్గ మీద పెట్టింది. సవీన్‌కి చుక్కాని వదలడానికి వీల్లేదు. కన్నీళ్లు తుడుచుకోడానికి చెయ్యి కూడా ఖాళీ లేదు. అలాగే నిలబడి, చిన్నపిల్లలా, గొంతు విడిచి ఏడ్చింది.

తండ్రి మైకు పట్టుకుని, నీళ్లవైపు చూస్తూ, జవాబు వస్తుందేమోనన్నట్టు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. 

"కూర్చో నాన్నా," అంది సవీన్. "పెద్ద అల వస్తోంది, పడతావు."