ముక్కుగారి మొదటి మాట

"నారింజ తొక్క కాస్త ఎక్కువైంది" అన్నాడు అతను, గ్లాసు బల్ల మీద పెడుతూ.

ఆ గదిలో మొదటి మాట ఎప్పుడూ అతనిదే. కింద షెడ్డులో ఏది కలిపినా చిన్న చిన్న గ్లాసుల్లో పోసి మేడ మీదికి తెస్తారు. అతను రుచి చూసి నోరు విప్పేదాకా ఇంకెవరూ నోరు మెదపకూడదు. ఆ మద్యం కార్ఖానాలో చాలాకాలంగా అదే పద్ధతి.

పెద్దాయన, అంటే కార్ఖానా యజమాని, ఒక గుటక వేసి కళ్లు మూసుకున్నాడు. "అవును. ఎక్కువే."

వడపోత చూసే ముసలాయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఆయనా పెదాలు చప్పరించాడు. "నాలిక చివర చేదు తగుల్తూనే ఉంది."

కిటికీ పక్కన నిలబడ్డ కొత్తమ్మాయి తన గ్లాసు వంక ఓసారి, ముగ్గురి మొహాల వంక ఓసారి చూసింది.

"ఇందులో నారింజ తొక్కే వెయ్యలేదండీ" అంది.

పైన రేకుల మీద వాన ఒక్కసారిగా పెద్దదైనట్టు వినిపించింది.

"తెలుసు" అన్నాడతను. గొంతు వణకలేదు. "వెయ్యకుండానే ఎక్కువైనట్టుందంటే, ఇంకేదో దాని పని చేస్తోందన్నమాట. ఏం వేశారు?"

"శొంఠి. యాలకులు."

"అదీ సంగతి. యాలకులు తగ్గించండి."

పెద్దాయన మురిసిపోయాడు. "చూశావా అమ్మాయ్! ఊరికే అంటామా వీణ్ణి ముక్కుగారని?"

ఆమె తల ఊపలేదు. ఆ ఊపని తల అతనికి రోజంతా గుర్తొస్తూనే ఉంది.

*

పోయిన వానాకాలం జ్వరంతో పడుకుని లేచేసరికి అతనికి వాసన పోయింది. మొదట జలుబనుకున్నాడు. జలుబు తగ్గింది, వాసన రాలేదు. తీపి, పులుపు, చేదు నాలికకి తెలుస్తున్నాయి. గొంతులో మంట తెలుస్తోంది. ఆ తీపికీ ఆ మంటకీ మధ్య ఉండే లోకమంతా ఎవరో దీపం ఆర్పేసినట్టు పోయింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. మొదటి రోజు భయపడుతూనే పాత అలవాటుకొద్దీ ఏదో ఒక మాట అన్నాడు. అందరూ అవునన్నారు. రెండోసారీ అన్నారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. అతను లవంగమంటే వాళ్లకి నిజంగానే లవంగం తగిలేది. అది గ్రహించిన రోజు అతనికి ధైర్యం రాలేదు, దిగులు పట్టుకుంది. మనుషుల మధ్య కూర్చుని తన గొంతు తానే వింటున్నట్టు ఉండేది.

ఇంట్లో అక్క ఒక్కతే అనుమానపడింది. "పాలు మాడి కొంపంతా కంపు కొడుతుంటే, పక్కనే కూర్చుని పేపరు చదువుతున్నావేంట్రా? ముక్కు ఆఫీసులో పెట్టొచ్చావా?"

"ఏదో ఆలోచనలో ఉన్నానక్కా."

"నీ ఆలోచన కూడా మాడిపోతున్నట్టుంది, చూసుకో."

*

కొత్తమ్మాయి అంతకుముందు దగ్గుమందులు చేసే కంపెనీలో పనిచేసింది. అందుకని బాబాయ్ ఆమెకి 'దగ్గుమందు' అని పేరు పెట్టాడు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "మీ సీసాలో మాత్రం ఏముంది బాబాయ్? అదీ తియ్యగా ఉంటుంది, ఇదీ తియ్యగా ఉంటుంది. అది తాగితే దగ్గు తగ్గుతుంది, ఇది తాగితే నోరు తగ్గదు" అనేది.

సీసా మీద లిక్యూర్ అని ముద్రించినా, కార్ఖానాలో అందరూ దాన్ని తీపి విస్కీ అనే అంటారు. చెక్క పీపాల్లో ఊరిన విస్కీ దానికి మూలం. తేనెని మంట మీద పెట్టకుండా, వేడినీళ్ల గిన్నెలో పాత్ర దించి కరిగిస్తారు. లవంగాలు, దాల్చినచెక్క, శొంఠి గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తారు. నారింజ తొక్క వేస్తే లోపలి తెల్లపొర గీకేసి వెయ్యాలి, లేకపోతే చేదు. చివర నీళ్లు కలిపి ఘాటు తగ్గించి, కొన్నాళ్లు కదపకుండా ఉంచి వడపోస్తారు. ఇదంతా ఆమె కొత్తగా వచ్చినా చేతులకి ముందే తెలిసినట్టు చేసేది. పని చేస్తూ మధ్యమధ్యలో తలెత్తి మేడ కిటికీ వైపు చూసేది. అతను చప్పున పక్కకి తప్పుకునేవాడు. కొన్నాళ్లకి, తప్పుకోవడం ఆలస్యం చెయ్యడం మొదలుపెట్టాడు.

ఓ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. దీన్ని ఎలా తాగితే బాగుంటుంది?"

"పెద్దాయనైతే ఏమీ కలపడు. బుల్లి గ్లాసులో పోసుకుని గంటసేపు దాని మొహం చూస్తాడు. బాబాయ్ గొంతు పట్టేసిందని సాకు చెప్పి వేడినీళ్లూ నిమ్మరసమూ పిండుకుంటాడు. మా అక్క కాఫీలో పోస్తుంది. లారీ డ్రైవర్లు అల్లం సోడా కలుపుతారు. కుర్రాళ్లు ఐస్‌క్రీమ్ మీద కూడా పోస్తున్నారట."

"నేనడిగింది మీ సంగతి."

"నిండా ఐసు ముక్కలు వేసుకుని."

ఆమె స్పూను ఆపింది. "ముక్కుగారూ! అంత ఐసు వేస్తే వాసన చచ్చిపోదూ? మీరేమిటి, ఐసేమిటి?"

"చల్లగా ఉంటుందని" అన్నాడు. పూర్తి నిజం చెప్పడం చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి. ఐసు వేసుకుంటే చల్లదనమైనా తెలుస్తుంది కదా.

"విచిత్రమైన మనిషండీ మీరు" అని నవ్వింది. ఆ నవ్వుకి ఎలాంటి వాసన ఉండేదో, ఆమె జుట్టుకి ఎలాంటి వాసన ఉంటుందో తనకి ఎప్పటికీ తెలియదన్న ఆలోచన వచ్చి, అతను అన్నం సగంలో వదిలేశాడు.

*

ఆ తర్వాతి విడత కలిపినదాన్ని ఆమె ఒక్కతే మేడ మీదికి తెచ్చింది. పెద్దాయన ఊళ్లో లేడు. బయట వాన పట్టి వదలకుండా కురుస్తోంది. అతను తాగాడు. ఆమె అతని మొహం వైపే చూస్తోంది. ఆ చూపు కింద అబద్ధమాడటం కష్టమైంది. ఆడకుండా ఉండటం ఇంకా కష్టమైంది.

"వాన వెలిశాక... తడిసిన కట్టె వాసన" అన్నాడు.

ఆమె అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని, మిగిలింది తాగింది. చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"మా నాన్న వడ్రంగి" అంది చివరికి. "వాన వెలిశాక షెడ్డు తలుపు తీస్తే ఇదే వాసన. ఆయన పోయాక ఇంకెక్కడా తగల్లేదు. కలిపేటప్పుడు కూడా నాకు తెలియలేదు. మీకెలా తెలిసింది?"

కళ్లు తుడుచుకుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇంటి దగ్గర ఎవరెవరుంటారు మీకు?" అని అడిగింది. ఆ ప్రశ్న ఎందుకడిగిందో తెలియనంత అమాయకుడు కాదు అతను.

ఆ వారమంతా అతను తనని తాను తవ్వుకున్నాడు. ఆమెకి నచ్చింది తను కాదు. తను అన్న మాట. ఆ మాట తనది కాదు, ఎప్పుడో ముక్కున్న రోజుల్లోని మనిషిది. ఆ చచ్చిపోయిన మనిషికి రావలసిన చూపుని తను దొంగిలిస్తున్నాడు. నోరు మూసుకుంటే ఆమె తనతోనే ఉంటుంది. కానీ అప్పుడు ఆమె కూడా తల ఊపే మనిషే అవుతుంది.

శనివారం మెట్ల మీద ఆమెని ఆపాడు.

"నాకు వాసన తెలీదు."

"ఏ వాసన?"

"ఏదీ. పోయిన ఏడాది జ్వరం వచ్చినప్పటి నుంచీ."

ఆమె ముందు నవ్వింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "నారింజ తొక్క..."

"అవును."

"మరి నాన్న... ఆ తడి కట్టె?"

"బయట వాన పడుతోంది. మీరు నా వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి అనాలి కదా అని..."

"ఏదో ఒకటా!" అంది. అంతే. చెయ్యి గోడకి ఆనించుకుంటూ కిందికి దిగిపోయింది.

*

చలికాలం సరుకు సీసాల్లో పోసేముందు మళ్లీ అందరూ మేడ మీద చేరారు. ఆమె కిటికీ పక్కనే ఉంది, అతని వైపు చూడటం లేదు. గ్లాసులు పంచారు. అందరూ అతని నోటి వంక చూశారు.

"నేను చెప్పలేను. నాకు వాసన రావడం లేదు. చాలాకాలమైంది" అన్నాడతను.

బాబాయ్ గ్లాసులోకి తొంగి చూశాడు, అందులో ఏదో పడ్డట్టు. పెద్దాయన తాగాడు, మళ్లీ తాగాడు, ఏమీ అనలేక అందరి వైపూ చూశాడు.

"లవంగం ఎక్కువైంది" అంది ఆమె నెమ్మదిగా. "తప్పు నాదే."

"ఆ! ఎక్కువే" అన్నాడు పెద్దాయన, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఘాటు తగుల్తూనే ఉంది" అన్నాడు బాబాయ్.

ఆమె భుజాలు చిన్నగా ముడుచుకోవడం అతనొక్కడే చూశాడు.

అందరూ వెళ్లాక పెద్దాయన అతని పక్కన కూలబడ్డాడు. తిడతాడనుకున్నాడు. "నా నాలిక ఎప్పుడో చచ్చిందిరా" అన్నాడు పెద్దాయన. "ఇన్నేళ్లూ నేను తాగింది నీ మాటే. ఇప్పుడేం తాగమంటావ్?" తర్వాత నిట్టూర్చి, "తీపి తెలుస్తుందిగా? సోమవారం నుంచి తేనె దగ్గర కూర్చో" అన్నాడు.

బాబాయ్‌కి ఇంకో బెంగ. "ఇక నిన్ను ఏమని పిలవాలిరా?"

*

ఆదివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. అక్క తీసింది. ఆమె, చేతిలో చిన్న సీసా.

"నువ్వేనా దగ్గుమందు?" అంది అక్క, ఎగాదిగా చూసి. "రామ్మా. వీడికి వారం నుంచి ఏ మందూ పనిచెయ్యడం లేదు. కాఫీ పెడతాను, కూర్చోండి."

వంటగదిలోని చిన్న బల్లకి ఇటొకరు, అటొకరు. అక్క కాఫీ కప్పులు పెట్టి గుమ్మం అవతలికి జరిగింది. వినబడనంత దూరమేమీ కాదు.

"ఆ లవంగం మళ్లీ తూచి చూశాను" అందామె. "సరిగ్గానే ఉంది. తప్పు నా నాలికదే. ఒక్కళ్లయినా కాదనలేదు. నాకు భయమేసింది. మీరు అన్నాళ్లు ఆ గదిలో ఎలా కూర్చున్నారు?"

అతను కాఫీ కప్పుని బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు.

"నన్ను మోసం చేశారని కాదు నా కోపం. ఆ రోజు నాకు నిజంగా తగిలింది. నాన్న వాసన. లేనిది ఎలా తగిలింది? తలలూపేవాళ్లని చూసి నవ్వుకున్నదాన్ని, నేనూ ఊపాను. మరి మిగిలింది కూడా అలాంటిదేనేమోనని..."

"మిగిలింది ఏది?"

"తెలియనట్టు అడక్కండి."

ఇదివరకైతే ఇలాంటి చోట అతనికి మాట దొరికేది, అందమైనదే దొరికేది. ఇప్పుడు వెతికాడు. ఏదీ లేదు.

"నాకూ తెలీదు" అన్నాడు. "ఒకటే తెలుసు. మొదటి రోజు అందరూ అవునన్నారు, మీరొక్కరే కాదన్నారు. అప్పటి నుంచి ఆ గదిలో నేను ఒంటరిగా లేను."

ఆమె సీసా మూత తీసింది. రెండు కప్పుల్లోనూ కొంచెం కొంచెం పోసింది.

"ఈసారి మొదటి మాట నాది. నేను చెప్పేదాకా మీరు నోరు విప్పకూడదు."

తాగింది. కళ్లు మూసుకుంది. ఎదురుచూడటం ఎంత పొడుగ్గా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసింది.

"చెప్పండి" అన్నాడు ఉండబట్టలేక.

"ఆగండి. అబద్ధం రాకుండా చూసుకుంటున్నాను." ఇంకో గుక్క తాగింది. కళ్లు తెరిచింది. "పాలు మాడాయి."

"అయ్యో, మాడాయా?" గుమ్మం అవతల్నుంచి అక్క.

"బాగా మాడాయండీ!"

అతనికి నవ్వొచ్చింది. చాలాకాలం తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి సరిగ్గా రాలేదు. దగ్గులా వచ్చింది.

"ఇప్పుడు మీరు" అందామె.

అతను తాగాడు. కిటికీ బయట వాన వెలిసింది. దాని గురించి ఏమీ అనలేదు.

"వేడిగా ఉంది" అన్నాడు.

ఆమె వెంటనే తల ఊపలేదు. చెయ్యి చాపి అతని కప్పు తీసుకుంది, అతను తాగిన వైపు నుంచే ఒక గుక్క తాగింది, కాసేపు ఆలోచించింది.

"అవును" అంది. "వేడిగానే ఉంది."