ఉల్మ్ టంకశాల పెట్టె

"రేపు పెట్టె తెరిచాక యోబ్స్ట్‌ని కాగే నూనెలో వేస్తారు, ఎండ్రెస్," అన్నాడు నగర సభ కార్యదర్శి.

ఎండ్రెస్ కొవ్వొత్తులమ్మేవాడి వేషంలో ఉన్నాడు. అతను ఉల్మ్ నగరపు రహస్య ఏజెంట్. టంకశాల అధికారి యోబ్స్ట్ అతని చెల్లెలి మొగుడు.

నాణేలు కొట్టిన ప్రతిసారీ ఒక వెండి నాణేన్ని తేదీ వేసిన కాగితంలో చుట్టి, సీలు చేసిన పెట్టె కంతలో పడేయడం ఆనవాయితీ. పొరుగు నగరాల పరీక్షకులు వచ్చి వాటిని కరిగించి చూస్తారు. ఒక్కటి కల్తీదని తేలితే టంకశాల మూత, యోబ్స్ట్‌కి చావు. పొరుగు రాజు ముఠా ఆ కంతలో ఒక కల్తీ పొట్లం జారవిడిచింది.

"తీయించెయ్యండి," అన్నాడు ఎండ్రెస్.

"సీలు పగిలినా శిక్ష అదే. ఆ పొట్లం వేసినవాణ్ణి పట్టుకురా. తెల్లారేదాకా టైముంది."

ఎండ్రెస్ లేసులమ్మే అపొలోనియా దగ్గరికి పరిగెత్తాడు. ఆమె పుట్టింది ఉల్మ్‌లోనే. పచ్చ పట్టు గౌను, నవ్వే కళ్ళు, ఇటు ముఠా జీతం, అటు ఉల్మ్ జీతం.

"చేపలు పడ్డాయా?" అని సంకేతపు మాట అడిగాడు.

"వల చిరిగింది. నీ మొహానికి కొవ్వొత్తులెవరు కొంటారయ్యా?"

"పొట్లం వేసినవాడేడీ?"

"సరిహద్దు దాటేశాడు. కాగితం చుట్టింది నేనే. తేదీ వాళ్ళు చెప్పారు, రాశాను."

"మా చెల్లెలికి ఇద్దరు పిల్లలున్నారే!"

"నా గొంతు మీద కత్తుంది. రేపు నువ్వు నోరు మూసుకుని కూర్చో."

అంతకన్నా చేయగలిగిందీ లేదు. మర్నాడు సభామందిరంలో ఎండ్రెస్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్కో నాణెమే కరుగుతోంది. చొక్కాలో దాచిన కత్తితో ఎవర్ని పొడవాలో అతనికి తెలియలేదు. ఏడుపొచ్చింది. చివరి పొట్లం పట్టుకున్న ముసలి పరీక్షకుడు వెండి కరిగించే మూస మీద చెయ్యి ఆపి, కాగితం మీది తేదీ చదివాడు.

"మే ఇరవై నాలుగా? ఇవాళ పదహారేగా?"

ముఠావాళ్ళది పోపు గారి కొత్త క్యాలెండరు. అది పది రోజులు ముందు నడుస్తుంది. ఉల్మ్ పాతదాన్ని వదల్లేదు. ఆ సంగతి ఉల్మ్‌లో పుట్టిన అపొలోనియాకి తెలుసు.

"ఇంకా రాని రోజున నాణెం ఎలా కొట్టావయ్యా, యోబ్స్ట్? ఇది మీ టంకశాలది కాదు, అవతల పెట్టండి."

మందిరమంతా నవ్వింది. యోబ్స్ట్ ఎండ్రెస్‌ని కావలించుకున్నాడు. "ఎలా చేశావు బావా?"

ఎండ్రెస్ లేసుల కొట్టుకి పరిగెత్తాడు. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ఆ తేదీ ఎవరి రాతో ముఠాకి తెలుసు. ఆమె పారిపోయిందో, పట్టుబడిందో ఎవర్ని అడగాలి? అడిగితే ఆమె ఎవరి మనిషో ఊరంతా తెలిసిపోతుంది.

"భేష్. ఇలాంటి ఎత్తు నీకే తడుతుంది," అన్నాడు కార్యదర్శి సాయంత్రం.

కాదనాలంటే ఆమె పేరు చెప్పాలి. ఎండ్రెస్ టోపీ తీసి, వంగి, ఆ మెప్పు పుచ్చుకున్నాడు.