ఎర్ర గుడ్డ కట్టని బండి

పాత మోటారుసైకిల్ ఉన్న ప్రతివాడికీ మెరుగు మేస్త్రి తెలుసు. ఎంత తుప్పు పట్టిన బండినైనా, దాన్ని కొన్నవాడే పోల్చుకోలేనంత కొత్తగా చేసి ఇస్తాడు. సొట్ట కనిపిస్తే లప్పం పెడతాడు, లప్పం ఆరాక రుద్దుతాడు, రుద్దిన చోట రంగు కొడతాడు. ఆ తర్వాత నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి చూసుకుని మురిసిపోతాడు. ఆ మురిపెం చూడ్డానికే కొందరు పనీపాటా లేకుండా షెడ్డు దగ్గర నిలబడేవాళ్ళు.

ఆ రోజు మధ్యాహ్నం మాత్రం అతనిలో ఆ మురిపెం లేదు. ఎదురుగా ఉన్నది తన అన్న బండి.

అన్న పోయి ఏళ్ళు గడిచాయి. పెరట్లో టార్పాలిన్ కింద ఇన్నాళ్ళూ పడి ఉన్న బండిని వదిన ఉన్నట్టుండి ట్రాలీ ఎక్కించి తీసుకొచ్చింది. ఇంజను దించి బల్ల మీద విప్పడం అప్పటికే అయిపోయింది. పిస్టన్ కిరసనాయిలు పళ్ళెంలో నానుతోంది. ట్యాంకులో చుక్క పెట్రోలు లేదు. ఇక దీన్ని ఎలా బాగుచెయ్యాలన్నది తేల్చుకోవాలి. అక్కడే ఇద్దరికీ పొసగడం లేదు.

"మొత్తం కొత్తగా చేసేద్దాం వదినా," అన్నాడు మేస్త్రి. "ముందు చక్రం పనికిరాదు, హబ్బుతో సహా తీసి పారేస్తాను. ట్యాంకు సొట్ట తీసి నల్ల రంగు కొడితే ముఖం చూసుకోవచ్చు. చైనుకి కవరు కూడా చేయిస్తాను."

"కవరు వద్దు."

"లేకపోతే వెనకాల కూర్చున్నప్పుడల్లా నీ బట్టల అంచు నల్లగా అయిపోయేది కదా. దాని గురించి అన్నని ఎన్ని తిట్లు తిట్టావు."

"తిట్టాను. ఇప్పుడు ఆ మరకే కావాలనిపిస్తోంది," అంది వదిన, బండి మీంచి చూపు తిప్పకుండా. "మీ అన్న ఆఖరిసారి ఎక్కినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచు. సొట్ట ఉండనీ, గీతలు ఉండనీ. తిరగాల్సినవి తిరిగితే చాలు. ఆ ముందు చక్రం మాత్రం నా ఎదురుగా విప్పు. రేపు పొద్దున్నే వస్తాను."

మేస్త్రి స్పానరు తుడుచుకున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఆ మసిలో నువ్వెందుకు వదినా?"

"తాగి పడ్డాడన్నారు. టీ ఒక గుక్క ఎక్కువైతేనే నిద్ర పట్టని మనిషి. ఆ రోజు నువ్వే నా దగ్గరికొచ్చి, 'వాసన వస్తోంది వదినా, ఎవరికీ చెప్పన్లే' అన్నావు. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. అప్పట్నుంచీ తల వంచుకునే తిరుగుతున్నాను."

"నేను ఎవరితోనూ..."

"నిన్నేమీ అనలేదు నాయనా."

వెళుతూ వెళుతూ సీటు వెనక భాగం మీద, తను కూర్చునే చోట, ఒకసారి చెయ్యి వేసింది. ఆ తర్వాత గొడుగు తీసుకుని వాలు దిగి, వంతెన అవతల ఉన్న ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ అన్నదమ్ముల బళ్ళు రెండూ కవలలు. ఒకే రోజు ఒకే కొట్లో కొన్నవి. ఒకదానికి ఏ సామాను తక్కువైనా రెండోదాన్నుంచి ఊడదీసుకునేవాళ్ళు, నీది నాది అన్నది లేదు. కట్టుబాటు ఒక్కటే. సామాను తీసిన బండి హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కట్టాలి. గుడ్డ ఉంటే లోపల ఏదో లోటుంది, ఎక్కకూడదని అర్థం. లేకపోతే నిశ్చింతగా ఎక్కొచ్చు. అన్న కట్టిన ముడికి రెండు చెవులూ కొలిచినట్టు సమానంగా ఉండేవి. చిన్నపిల్లకి జడ వేసినట్టు ఆ మురిపెమేంటని వదిన ఏడిపించేది.

ఒక సాయంత్రం మేస్త్రికి కొండ రోడ్డు మీద ఎవరికో తన బండి దర్జా చూపించాలన్న సరదా పుట్టింది. అతని బండి ముందు చక్రం హబ్బులో ఉండే బ్రేకు షూలు అరిగిపోయాయి. అన్నవి కొత్తవి. అవి తీసుకుని, తన అరిగినవి అన్న బండిలో బిగించాడు. గుడ్డ కోసం అటూ ఇటూ చూశాడు, దొరకలేదు. పొద్దున్నే మార్చేస్తాగా అనుకున్నాడు. పొద్దున్న అతను లేవకముందే అన్న బండి తీశాడు. షెడ్డు ముందు వాలు, వాలు చివర మలుపు, మలుపులో పెద్ద రాయి.

గుడ్డ కట్టకపోవడం పొరపాటేనని సరిపెట్టుకుందాం. కానీ ఆ రాయి దగ్గర జనం మూగి, "బ్రేకు పడలేదేమో" అని ఎవరో అనగానే, "అబ్బే, వాసన వస్తోంది" అన్నాడు చూశారా, అది పొరపాటు కాదు. చచ్చినవాడు లేచొచ్చి కాదనలేడన్న ధైర్యం. అలాంటి ధైర్యానికి ఎప్పుడో ఒకప్పుడు బదులు చెప్పుకోక తప్పదు.

అన్న షూలు మాత్రం మేస్త్రి బండిలోనే ఉండిపోయాయి. అరిగినప్పుడల్లా కొత్త లైనింగు అతికించుకున్నాడే గాని, వాటిని తీసి పారెయ్యడానికి చెయ్యి రాలేదు. అన్న తన సామాను మీద ఆకురాయితో ఒక గీత గీసేవాడు. తమ్ముడు ఇంటూ గుర్తు పెట్టేవాడు. ఈ సంగతి వదినకి బాగా తెలుసు. రేపు ఆ చక్రం విప్పితే ఆమెకి కనబడేది ఇంటూ గుర్తే.

వదిన వెళ్ళాక, చీకటి పడే వేళకి మబ్బు కమ్మింది. వాన మొదలవగానే కరెంటు పోయింది. మేస్త్రి షట్టరు సగం దించి, టార్చి వెలిగించి అన్న బండి ముందు కూర్చున్నాడు. తన బండిలోంచి అన్న షూలు తీసి ఇందులో పెట్టేస్తే సరి. అరగంట పని. పాత పాపం పైకి తేలకుండా ఇంకోసారి లప్పం పెట్టడం, అంతే.

రేకుల మీద వాన చప్పుడు. కిరసనాయిలు వాసన. తడిసిన గోనెసంచుల వాసన. వాటి కిందనుంచి సన్నగా ఇంకేదో ఘాటు. లవంగం. అన్న బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది.

ఎక్కడినుంచో గాలికి వచ్చి ఉంటుందనుకుని ఇరుసు నట్టుకి స్పానరు పెట్టాడు. ఇన్నేళ్ళ తుప్పు, సుత్తితో కొట్టందే కదలదనుకున్నాడు. వేళ్ళతో తిప్పితే తిరిగింది. లోపల తాజా గ్రీజు. చక్రం పక్కకి తీసి టార్చి దగ్గరగా పెట్టాడు.

షూల మీద ఒక్క గీత. ఇంటూ లేదు. అంటించి ఉన్నది మొన్న తన చేత్తో తను అతికించిన లైనింగే.

అవి అన్న షూలు. ఈ పొద్దున తను ఎక్కి వచ్చిన బండిలో ఉండాల్సినవి.

ముందు అతనికి నవ్వొచ్చింది. పని తప్పిందిలే అనుకున్నాడు. రేపు వదిన నిక్షేపంగా చూసుకోవచ్చు. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే మరో ఆలోచన వచ్చింది. ఇవి ఇక్కడుంటే... మరి తన బండిలో ఏమున్నాయి?

టార్చి మెల్లగా మూలకి తిప్పాడు.

అతని బండి అక్కడే ఉంది. హ్యాండిల్‌కి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. ముడికి రెండు చెవులు... సమానంగా.

"అన్నా," అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

 బల్ల మీద పళ్ళెంలో కిరసనాయిలు ఒకసారి కదిలి ఊరుకుంది.

మేస్త్రి ఆ గుడ్డని ముట్టుకోలేదు. బండి ఎక్కే ప్రశ్నే లేదు. షట్టరు దించి, తాళం వేసి, వానలో నడక సాగించాడు. నడిచేవాడికి బ్రేకులతో పనేముంది అని తనకి తనే ధైర్యం చెప్పుకున్నాడు.  వాలు నున్నగా ఉంది.

సగం దిగాడో లేదో, వెనక షెడ్డులో కిక్కు కొట్టిన చప్పుడు.

ఆగాడు.

ఇంకో కిక్కు... ఇంకోటి. ఇంజను అందుకుంది.

కవలల గొంతులు అతనికి తెలియకపోవడమేమిటి. తన బండిది కాస్త కీచు. ఇది బొంగురు. అన్న బండిది. దాని ఇంజను బల్ల మీద ముక్కలుగా ఉంది... పిస్టన్ పళ్ళెంలో ఉంది... తనే పెట్టాడు...

షట్టరు తెరిచిన చప్పుడు లేదు. ఇంజను మోత మాత్రం బయటికొచ్చింది. వాలులోకి తిరిగింది.

పరుగెత్తాడు. వెలుగు లేదు, వెనక్కి తిరిగితే చీకటి. చప్పుడు దగ్గరవదు, దూరమవదు. అతనెంత వేగంగా పరుగెత్తితే అదీ అంతే. అప్పుడు తెలిసింది, తన కాళ్ళు తను చెప్పినట్టు వినడం లేదు. ఆగుదామంటే ఆగడం లేదు. మలుపు... రాయి...

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం.

చెవి పక్కన లవంగం వాసన.

"గుడ్డ దొరికిందిరా తమ్ముడూ."

కళ్ళు తెరిచేసరికి చుట్టూ గొడుగులు, టార్చిలు. వీపుకి రాయి ఆని ఉంది. మలుపులో టీ కొట్టు నడిపే ఆయన వంగి చూసి, ముక్కు మూసుకుని లేచాడు.

"పీకల దాకా తాగాడు."

"మేస్త్రా? ఆయనకి అలవాటు లేదే."

"అన్నకి మాత్రం ఉందని ఎవరికి తెలుసు? అన్నకి తగ్గ తమ్ముడే."

జన్మలో చుక్క ముట్టలేదు. చొక్కా నిండా సారా కంపు తనకే కొడుతోంది. కాదని చెప్పబోయాడు. పెదవులు ఆడాయి, ఊపిరి వచ్చింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. గొంతు ఉండాల్సిన చోట ఏమీ లేనట్టుంది.

చెయ్యి మెడ దగ్గరికి పోయింది. తడి గుడ్డ తగిలింది. ముడి తడిమాడు. రెండు చెవులు... సమానంగా.

జనాన్ని తప్పించుకుంటూ వదిన ముందుకొచ్చింది.

"కింద వంతెన మీద నీళ్ళు పొర్లుతున్నాయి, ఏ బండీ రావడం లేదు. నువ్వెలా వచ్చావమ్మా?" అని టీ కొట్టాయన అడిగాడు. ఆమె మరిది పక్కన కూర్చుని, మెడకున్న గుడ్డని చాలాసేపు చూసింది. ఆ తర్వాత అతని చెవిలో, జాలిగా, "వాసన వస్తోంది నాయనా. ఎవరికీ చెప్పన్లే," అంది.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఆమె లేచింది. అప్పుడే టార్చి వెలుగు ఆమె కాళ్ళ మీద పడింది.

బట్టల అంచుకి ఒక పక్కన, చైను ఒరుసుకున్నంత మేర, నల్లటి మరక ఉంది. ఆయిలు ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది.