ముకుపా గారి పెరట్లో తనంతట తనే నిండే మిషను

కిట్వేలో పాత గని క్వార్టర్ల వైపు ఎవర్నైనా అడిగి చూడండి. పొద్దు వాలాక ముకుపా గారి పెరట్లో బట్టలుతికే గది వైపు ఎవరూ పోరు. పోయినవాళ్లు నడిచి రారు... పరిగెత్తుకొస్తారు.

ఆ గదిలోనే చిలుఫ్యా గారు పోయారు. బడిలో పెద్ద పంతులమ్మ. చొక్కా కాలరు మీద మరక కనిపిస్తే పిల్లాణ్ని ఇంటికి తోలేసే మనిషి. ఒకరోజు సబ్బు చేత్తో పట్టుకునే కూలబడింది, మళ్లీ లేవలేదు. తర్వాత ఆ ఇల్లు ముకుపా గారు కొన్నారు. రెండు గదులు అద్దెకిచ్చి, ఆ గదిలో మిషను పెట్టి, వీధివాళ్ల బట్టలుతికి బతుకుతున్నారు.

అప్పుడు మొదలైందట...

రాత్రిళ్లు, కరెంటు లేనప్పుడు, ఆ మిషను తనంతట తనే నీళ్లు నింపుకుంటుంది. పొంగి, గడప దాటి, పెరడంతా మడుగు చేస్తుంది. అద్దెకున్న నర్సు ఒక శుక్రవారం రాత్రి మిషన్లోంచి తెల్లటి చెయ్యి పైకి లేవడం కళ్లారా చూసిందట. తెల్లారేసరికి పెట్టె సర్దేసింది. రెండో గదివాళ్లు ఆమె వెనకే.

వీధి చివర ప్రార్థన మందిరం పెద్ద, కబాసో గారు, పాటల బృందంతో వచ్చి గంటసేపు దెయ్యాన్ని గద్దించారు. దెయ్యం కదల్లేదు. పాటల బృందం మాత్రం రెండు కోళ్లు తిని కదిలింది.

చివరికి ఒక శుక్రవారం ముకుపా గారు కటెబెని పిలిపించారు. కటెబెకి నలభై దాటాయి. ఫ్రిజ్జులూ మిషన్లూ బాగుచేస్తుంది. నోరు ఊరంత.

"దెయ్యమైనా సరే విప్పి చూపిస్తానక్కా. లోపల ఏముంటుందో నాకూ చూడాలనే ఉంది," అంది.

పగలు మిషను బంగారంలా నడిచింది. రెండుసార్లు నింపితే రెండుసార్లూ గీత దగ్గరే ఆగింది. నీళ్లు ఎంతవరకొచ్చాయో మిషనుకి చెప్పే సన్న గొట్టాన్ని ఊడదీసి ఊదింది. లోపల టక్కుమంది. అదీ బాగానే ఉంది. మురుగు గొట్టం చూసింది. అదీ ఉండాల్సిన ఎత్తులోనే ఉంది.

"పగలు నంగనాచి," అన్నారు ముకుపా గారు. "రాత్రి చూడు దీని వేషాలు. ఈసారీ కుదరకపోతే అన్నీ అమ్మేసి మాన్సాలో మా తమ్ముడింటికి పోతానే. ఈ వయసులో వాడి పెళ్లాం చేత తిట్లు తింటూ పడుంటాను."

"అయితే ఈ రాత్రి ఇక్కడే ఉండి చూస్తానక్కా," అంది కటెబె.

ఆరింటికి ఊరి నీళ్లు కట్టేశారు. ఇక రాత్రంతా పెరట్లో దిమ్మ మీదున్న టాంకీ నీళ్లే. కటెబె మిషను ఖాళీ చేసింది, కుళాయి కట్టింది, వంటింట్లోకొచ్చి ముకుపా గారితో కూర్చుని కపెంటా చేపల కూరతో మొక్కజొన్నపిండి న్షిమా ముద్ద తింది. చేతులు కడుక్కుంటుండగా... కరెంటు పోయింది.

"నేనూ రానా?" ముకుపా గారు గుసగుసగా అడిగారు.

"నువ్విక్కడే ఉండక్కా. నేను అరిస్తే పరిగెత్తుకు రా. అరవకపోతే ఇంకా తొందరగా రా."

టార్చి పట్టుకుని పెరట్లోకి దిగింది. వీధి వీధంతా చీకటి. గది దగ్గరికి వెళ్లేసరికి... లోపల్నుంచి సన్నగా —

స్‌స్‌స్‌...

కటెబె ప్లగ్గు పీకి చేత్తో పట్టుకుంది. శబ్దం ఆగలేదు. తీగ చివర ఆమె చేతిలో ఉంది, నీళ్లు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి. మూత తెరిచి ఉంది. అంచు దాకా నిండి... నిండి...

తెల్లటి చెయ్యి ఒకటి లేచింది.

ఉబ్బిన చెయ్యి. వేళ్లు లేవు. అంచు మీదికొచ్చి, అక్కడే వాలింది. చల్లటి నీళ్లు కటెబె పాదాల మీద పడ్డాయి.

ఆమె అరవలేదు. టార్చి జారి నీళ్లలో పడి ఆరిపోయింది. పడిపోకుండా వెనక గోడ తడుముకుంది. చేతికేదో దొరికితే ఉన్న బలమంతా పెట్టి పట్టుకుంది. అది తిరిగింది.

శబ్దం ఆగిపోయింది.

కటెబె ఊపిరి బిగబట్టి దాన్ని ఇటు తిప్పింది. స్‌స్‌స్‌... అటు తిప్పింది. నిశ్శబ్దం. ఇటు. అటు. నాలుగుసార్లు తిప్పింది. నాలుగుసార్లూ దెయ్యం చెప్పినట్టు వింది.

"ముకుపక్కా! లాంతరు తీసుకుని రా! నీ దెయ్యానికి కుళాయి ఉంది!"

లాంతరు వెలుగులో గొట్టం విప్పి, నీళ్లు లోపలికొచ్చేచోట ఉండే బిళ్ల బయటికి తీసింది. రబ్బరు మీద ఎర్రటి ఇసుక.

"ఇది మూసుకోవాలంటే నీళ్లు గట్టిగా తొయ్యాలక్కా. ఊరి నీళ్లు తోస్తాయి. నీ టాంకీ దిమ్మ నా నడుమంత ఎత్తు లేదు, ఆ నీళ్లకి తోసే ఓపికెక్కడిది? పైగా ఇసుకొకటి. నోరు సగం తెరుచుకుని రాత్రంతా చొంగ కారుస్తుంది. దానికి కరెంటుతో పనేముంది?"

ముకుపా గారు గడప మీద కూలబడి నవ్వారు. "నేనేమో కుళాయి ఎప్పుడూ తిప్పే వదిలేస్తాను..." అంటూ ఆగారు. "ఇవాళ నువ్వు కట్టావు కదూ?"

"కట్టాను."

"మిషను ఖాళీ చేశావు కదూ?"

"చేశాను..."

ఇద్దరూ నెమ్మదిగా మిషను వైపు తిరిగారు. తెల్లటి చెయ్యి ఇంకా అంచు మీదే ఉంది.

బయట కంచె దగ్గర ఆకులు కదిలాయి. ఎవరో గుసగుసగా —

"అమ్మా... అది నాది."

కబాసో గారు! అంత పెద్దమనిషీ కంచె కంతలోంచి వంగి వచ్చి, సబ్బుపొడి పొట్లం గుండెలకి హత్తుకుని నిలబడ్డారు. మిషన్లోది ఆయన ప్రార్థనకి వేసుకునే తెల్ల అంగీ. గాలి పట్టి ఉబ్బింది దాని చెయ్యే.

"నా భార్య పోయి ఐదు నెలలైంది," అన్నారాయన నేల చూపులు చూస్తూ. "ముప్పై ఏళ్లు నా బట్టలు ఆవిడే ఉతికింది. నాకు చేతకాదు. మీకిద్దామంటే, ఆదివారం అందరికీ నీతులు చెప్పేవాణ్ని... నా లోపలి బట్టలు మీరు చూస్తారని సిగ్గేసింది. అందుకే శుక్రవారాలు చీకటిపడ్డాక వచ్చేవాణ్ని. ఇవాళ మీరు భోంచేస్తుండగా కుళాయి తిప్పిందీ నేనే."

"మరి దెయ్యాన్ని గద్దించారు?" అంది కటెబె.

"మనస్ఫూర్తిగానే గద్దించానమ్మా! కరెంటు పోయినా నీళ్లాగకపోతే నేనూ పారిపోయినవాణ్నే."

"పారిపోయి మళ్లీ ఎందుకొచ్చేవారు?"

"అంగీ లోపలే ఉండిపోయేది కదా... తెల్లారకముందు వణుక్కుంటూ వచ్చి తీసుకుపోయేవాణ్ని."

ముకుపా గారు నడుం మీద చేతులు పెట్టుకున్నారు. "మీ సిగ్గు వల్ల నా రెండు గదులూ ఖాళీ అయ్యాయి. ఆదివారం ఇదంతా అందరి ముందూ చెప్పండి. ఒక్క ముక్క తగ్గినా మిగతాది నేను చెప్తాను."

మర్నాడు కటెబె టాంకీ నీళ్లకి పనికొచ్చే బిళ్ల తెచ్చి బిగించింది. ఆ రాత్రి కుళాయి తిప్పి ఉంచినా చుక్క కారలేదు. ఆదివారం ఆమె కూడా, ఎన్నేళ్లకో, మందిరానికి వెళ్లింది. ఇలాంటి ప్రసంగం మళ్లీ దొరకదని.

కబాసో గారు ముందు నిలబడి అంతా చెప్పారు. కంచె కంత, సబ్బుపొడి, లోపలి బట్టలతో సహా. ముకుపా గారు తల వంచుకున్నారు. ఇలా గుట్టు బయటపెట్టిస్తే ఇక తన దగ్గరికి ఎవరూ బట్టలు తీసుకురారేమోనని ఆవిడకి దిగులు.

అప్పుడు వెనక బెంచీలోంచి, పెళ్లాం అలిగి పుట్టింటికెళ్లిన పాటల మేస్టారు ముందుకి వంగి, ఆవిడ చెవి దగ్గర గుసగుసలాడాడు —

"అమ్మా... పగలు కూడా ఉతుకుతారా?"